మూడో బావి గురించి అతను రాసిన మాట

పదకొండేళ్లుగా ఒక పేరా నన్ను వదలడం లేదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక, ముఖపరిచయం లేని మీకు చెబుతున్నాను.

పరిశోధకులు రాసినదాన్ని స్పష్టంగా తిద్దిపెట్టడం నా పని. గాజువాకలో మేడ మీద ఒక గది, ఒక కంప్యూటర్. 'కావచ్చు', 'అనిపిస్తోంది' లాంటివి కనబడితే కొట్టేసేదాకా నా వేలు ఊరుకోదు. అది నా గొప్పతనమని మురిసిపోయేవాణ్ని కూడా.

అప్పలరాజు అలా వచ్చిన పరిశోధక విద్యార్థి; చుట్టరికం లేకపోయినా 'బావా' అని పిలుచుకునేంత చనువైంది. పరవాడ వైపు తన సొంత ఊళ్లో నాలుగు బావుల నీళ్లు పరీక్షించి వ్యాసం రాశాడు. మూడో బావితోనే చిక్కు. ఒకే సీసాలోని నీళ్లను మూడుసార్లు పరీక్షిస్తే మూడు రకాల అంకెలు వచ్చాయి. 'ఈ నీళ్లు తాగవచ్చో లేదో నేను చెప్పలేను. ఈ గట్టు మీద కాకి కూడా వాలదు' అని రాశాడు. శాస్త్రవ్యాసంలో కాకి ఏమిటని నవ్వుకున్నాను. పేరా మొత్తం కొట్టేసి, ఆ అంకెలకు సగటు తీసి, నాలుగు బావుల నీళ్లూ తాగడానికి పనికొస్తాయని ఒక్క ముక్కలో తేల్చేశాను. గడువు మర్నాడే. నా మీద నమ్మకంతో అతను మళ్లీ చదవకుండానే పత్రికకు పంపేశాడు.

ఇంగ్లీషులో నేను రాసిన ఆ ముక్కే తెలుగులోకి మారి పంచాయతీ గోడకెక్కింది. అంతవరకు మూడో బావి నీళ్లు ముట్టని అతని మేనత్త పైడమ్మ బిందె పట్టుకుని వెళ్లింది. ఏడాది తిరక్కుండా ఆమె చేతులు వణకడం మొదలైంది. తర్వాత మాట పడిపోయింది. ఊరివాళ్లు భయపడి ఆ బావి మానేశారు. నీళ్ల వల్లేనా? ఎవరూ తేల్చలేదు. తేల్చే దారి నేను ఉంచానా?

ఒక మధ్యాహ్నం అప్పలరాజు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, మూడో నుయ్యి గురించి నాను రాసేను కదా? కాకి మాట కూడా రాసినట్టే గుర్తు. అచ్చులో సూత్తే నేదేటి?"

అతని కంప్యూటర్ అప్పటికే పాడైపోయింది. మొదటి ప్రతి ఉన్నది నా ఒక్కడి దగ్గరే.

"నేదు బావా. నువ్వు రాయనేదు."

"అయితే నా బుర్రకే ఏటో అయిపోనాది," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

తర్వాత నేనొక్కణ్నే ఆ బావి చూడ్డానికి వెళ్లాను. గట్టుకు నాచు లేదు. నీళ్లు తేటగా, కదలకుండా ఉన్నాయి. వంగి చూశాను. ఆకాశం కనబడింది, నా ముఖం కనబడలేదు. ఎండ పడే వాలు అలాంటిదేమో. అలా సర్దిచెప్పుకుంటేనే తిరుగు బస్సు ఎక్కగలిగాను.

అప్పలరాజు పరిశోధన మానేసి కంచరపాలెంలో మందుల షాపులో పని చేస్తున్నాడు. చీటీ రాసి, కొనడానికి వచ్చినవాళ్లకు చూపించి, "నాను రాసింది మీకు కనిపిత్తందా?" అని అడుగుతాడు. గుమ్మం పక్కన నిలబడి నా చెవులతో విన్నాను. లోపలికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు? పిరికితనం, అంతే.

ఈవేళ మొదటి ప్రతి తెరిచాను. ఆ పేరా చెక్కుచెదరలేదు. దీన్ని తీసుకెళ్లి అతని చేతిలో పెడతానో లేదో నాకే తెలియదు. మీకు చెబుతుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అలా ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. అప్పలరాజు రాశాడు. నేను కొట్టేసి, రాయలేదన్నాను. అతని బుర్రకు ఏమీ కాలేదు.