నొక్కి పలకాల్సిన అక్షరాలు

ఆఫీసులో ఆమెను అందరూ ట్యాగులక్కయ్య అంటారు. పుస్తకాల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను స్టైల్‌షీట్లతో ఫోన్లో చదువుకునే పేజీలుగా మార్చడం ఆమె పని. ఏ అక్షరం లావుగా ఉండాలో, దేని కింద గీత ఉండాలో ఫైల్లో చెప్పే గుర్తులు ట్యాగులు; ఫైల్లోంచి ఏమేం తెచ్చి పేజీలో ఎలా పెట్టాలో చెప్పే సూచనల పత్రం స్టైల్‌షీటు. చేతిలో పని ఉంటే అన్నం సంగతి గుర్తుండదు, నోట్లో మాట ఉంటే ఎదుటివాళ్ల సంగతి గుర్తుండదు. రెండూ నాన్న పోలికేనని అమ్మ విసుక్కునేది.

అలాంటి వాగుడుకాయ నాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక అభ్యాసాల పుస్తకం ఇచ్చింది. అందులో నొక్కి పలకాల్సిన అక్షరాలు లావుగా ఉంటాయి, సాగదీయాల్సిన వాటి కింద గీత ఉంటుంది. గోడ పట్టుకుని నడిచినట్టు, ఆ గుర్తులు పట్టుకుని నాన్న ఒక్కో మాటే పలకసాగాడు. "తలుపు తియ్యి" అన్న రోజు ఇంటిల్లిపాదీ పరుగెత్తుకెళ్లి తలుపు తీశారు. తీరా చూస్తే అది పాఠంలో వాక్యం.

ఆ పుస్తకాన్ని రోగులందరి ఫోన్లకూ పంపాలని డాక్టరమ్మ అనుకుంది. "ఆ పని నాకొదిలెయ్యండి డాక్టర్‌గారూ, మీ రుణం ఎలాగూ తీర్చుకోలేను" అంది ట్యాగులక్కయ్య. చకచకా ముగించి, ముందుగా నాన్నకే ఫోను అందించింది.

మొదటి మాట దగ్గరే నాన్న నాలుక మొరాయించింది. మళ్లీ ప్రయత్నిస్తే గొంతులోంచి గాలే వచ్చింది.

"నిన్న బాగానే పలికారు కదే! పక్షవాతం మళ్లీ వచ్చిందేమోనే!" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆసుపత్రికి ఆటో కోసం లేచిన కూతురి చెయ్యి పట్టుకుని నాన్న ఆపాడు. పాత పుస్తకం తెరిచి, లావు అక్షరం మీద వేలు పెట్టి, అదే వేలితో ఫోను మీద టకటకా కొట్టాడు.

అప్పుడు చూసింది. ఫోనులో అక్షరాలన్నీ ఒకే తీరున ఉన్నాయి. లావు లేదు, గీత లేదు. పేరాలోని అక్షరాలు తెమ్మని మాత్రమే స్టైల్‌షీటుకు చెప్పింది తను. అది మాట జవదాటకుండా అక్షరాలు తెచ్చి, లోపలి ట్యాగులన్నీ వదిలేసి వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు తనే రోజూ చెప్పే జాగ్రత్త ఇది.

"నీకేం కాలేదు నాన్నా! తప్పు నాదే, నాదే!" అంటూ ఏడుస్తూనే నవ్వింది.

అక్కడే కూర్చుని, పేరా లోపల ఎదురైన ప్రతి ట్యాగునూ దాని చోట దాన్ని అలాగే ఉంచమని స్టైల్‌షీటులో రాసి, పుస్తకాన్ని మళ్లీ పేజీలుగా మార్చింది. లావు అక్షరాలు, గీతలు తిరిగొచ్చాయి. ఇదే ఇంకొకరింట్లో జరిగుంటే, పాపం, ఆ మనిషి తన నోటినే తప్పుపట్టుకుని అభ్యాసం మానేసేవాడు. తన తప్పు తన నాన్న వేలికే దొరికినందుకు ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

నాన్న పేజీ చివరిదాకా చదివాడు. తర్వాత ఫోను పక్కన పెట్టి, కూతురి కేసి చూస్తూ ఒక్కో మాటా నొక్కి పలికాడు.

"నీకు... తొందర... ఎక్కువ."

అది పాఠంలో లేదు. మాట పడిపోయాక ఆయన సొంతంగా అన్న మొదటి వాక్యం అది.

"ఇంకోసారి తిట్టు నాన్నా" అంటూ ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది.