భుజం దాకా వచ్చిన చీర

యుద్ధం రోజులు. మా మగ్గం చీరలు హిందూపురంలో అమ్ముడుపోక, మూటతో ధర్మవరం రైలెక్కాను. పెనుకొండలో ఎక్కిన ఒకావిడ ఎదురుగా కూర్చుంది. తెల్లచీర, బొట్టు లేని నుదురు, నాకంటే చిన్న వయసు. మూట వైపే చూస్తోంది.

"ఒగటీ పోలేదమ్మా. ఇంక మగ్గం నిలిపేయాల్సిందే," అన్నాను.

"ఆడోళ్ళ చేతికిస్తావా అన్నా?"

"మాసిపోదా? నేనే పట్టుకొని చూపిస్తా."

"అదే తప్పు. భుజాన ఏయించు. ఒగసారి ఏసుకున్నాక తిరిగిచ్చేకి మనసొప్పదు. ఇట్ల..." అంటూ పైనున్న ఎర్రచీర కొంగు అందుకుని భుజం దాకా తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. మెల్లగా మడిచి మూటలో పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

అప్పటినుంచి ముందు భుజానే వేయిస్తున్నాను. మగ్గం ఆగలేదు. కానీ ఎవరు కొంగు అందుకున్నా, అది భుజం మీద పడేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను.