చేమంతి అచ్చు మీద ఎర్ర మరక

మా ఆయన సుందరరాజుకు పూల పిచ్చి అని నంద్యాలలో అందరూ అంటారు. అనేవాళ్ళకేం, ఆ పిచ్చికి నీళ్ళు మోసింది నేను. ఆయన బడిలో డ్రాయింగ్ మాస్టరు. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా పెరట్లోకి పోయేవాడు, పొద్దున మొగ్గగా ఉన్నది ఎంత విచ్చిందో చూడ్డానికి. పెండ్లాం మొహం మాత్రం ఎప్పుడో గానీ చూసేవాడు కాదు. ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను. నవ్వి ఊరుకునేవాడు. మా మేనత్త కొడుకే కాబట్టి పెండ్లయ్యాక కూడా నేను ఆయన్ను బావా అనే పిలిచేదాన్ని, నువ్వు అనే మాట్లాడేదాన్ని.

ఎండాకాలం మల్లెలు, వానలు పడితే చంద్రకాంతలు, చలి మొదలైతే చేమంతులు. ఏ కాలంలో మా పెరట్లో ఏది పూస్తే దాన్ని అచ్చు చెక్కేవాడు. 1955లో మిషన్ బంగళాలో నేల బాగు చేయించారు. దొరలు ఎప్పుడో పరిపించిన లినోలియం పెరికి బయట పారేసి బేతంచెర్ల బండలు పరిచారు. లినోలియం అంటే చెప్పుల అట్టంత మందాన, పైన నున్నగా, వెనక గోనెగుడ్డతో ఉండే నేల పరుపు. పారేసిందంతా మా ఆయన చుట్ట చుట్టి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. మిగిలిపోయిన బండ ఒకటి అడుక్కుని దాన్ని కూడా తెప్పించి వసారాలో ఎత్తుగా వేసుకున్నాడు.

"ఏందీ ఇది? దొరలు తొక్కి పారేసింది మనకెందుకు?" అని కేకలేశాను.

"బంగారం దెబోరా, ఇది బంగారం. సూస్తా ఉండు" అన్నాడు.

పలకంత ముక్క కోసి ఎండలో పెడితే అది మెత్తబడేది. విరిగిన గొడుగు కమ్ముల కొసలు సానబట్టి ఉలులు చేసుకున్నాడు. గొడుగు కమ్మికి మధ్యలో గాడి ఉంటుంది కదా, నెట్టుకుంటూ పోతే లినోలియం సన్నగా చుట్టలు చుట్టుకుని లేచి వచ్చేది. పువ్వును వదిలేసి చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. ఆ తర్వాత ప్రెస్సులో అడిగి తెచ్చుకున్న నల్ల సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దేవాడు. కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా లేపేటప్పుడు మాత్రం నేను చేతిలో పని ఆపి వచ్చి నిలబడేదాన్ని. అబద్ధమెందుకు, బాగుండేవి. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చేవాడు. మా వీధిలో గోడ మీద మా పువ్వు లేని ఇల్లు లేదు.

1957 జనవరి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ముద్ద చేమంతి చెక్కుతున్నాడు. అది చాలా కష్టమైన పువ్వు, వందల రెక్కలు. ఎడమ మోచెయ్యి బండ మీద ఆనించి, ఆ చేత్తో అచ్చును అదిమి పట్టి, కుడిచేత్తో ఉలి నెడుతున్నాడు. నేను పక్కనే చేటలో బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తి చూస్తే అచ్చు మీద రెక్కల గాడుల్లో ఎర్రగా పారుతోంది. ఉలి జారి ఎడమచేతి చిటికెన వేలు పక్కన దిగింది. మనిషి మాత్రం చెక్కుతూనే ఉన్నాడు.

"బావా, రక్తం!" అని అరిచాను.

ఆయన చెయ్యి వైపు చూసుకున్నాడు. చూసుకున్నాక "అబ్బా" అన్నాడు.

ఉలి దిగినప్పుడు అనని మాట, రక్తం చూశాక అన్నాడు. నా చేటలో బియ్యం నేల పాలయ్యాయి.

ఎందుకంటే నేను అలాంటి చేతులు చూశాను. మా అమ్మమ్మకు పెద్దరోగం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆమె దగ్గరే పడుకునేదాన్ని. పెనం మీద వేళ్ళు కాలుతున్నా తెలియక రొట్టె తిప్పుతూనే ఉండేది. మేమే వాసన పట్టి కేకలు వేసేవాళ్ళం. తర్వాత ఆమెకు ఊరి బయట గుడిసె వేశారు. అన్నం పళ్ళెం కట్టెతో లోపలికి నెట్టేవాళ్ళు. ఆమె పోయాక ముసలితనంతో పోయిందని చుట్టాలకు చెప్పారు, మా అత్తవాళ్ళకు కూడా. పెండ్లి మాటలప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పనని మా అమ్మ నా చేత ఒట్టు వేయించింది. అప్పటిదాకా నేను ఆ ఒట్టు తప్పలేదు.

ఆ ఆదివారం నుంచి నాకు అన్నం సయించలేదు. ఆయన పేపరు చదువుతుంటే వెనక నుంచి వెళ్ళి చేమంతి కాడతో ఆయన చిటికెన వేలు మీద రాసేదాన్ని. తిరిగి చూసేవాడు కాదు. చొక్కా అందిస్తూ అదే వేలి మీద పిన్నీసుతో గుచ్చాను. దేవుడా, మొగుణ్ణి గుచ్చుతున్నానే అని ఏడుపొచ్చింది. ఆయన గుండీలు పెట్టుకుని బడికి పోయాడు.

ఆయనకు తెలియదనుకున్నాను. తెలుసు. చెక్కేటప్పుడు ఇప్పుడు పువ్వును తక్కువ, ఎడమచెయ్యిని ఎక్కువ చూసుకుంటున్నాడు. ఒకరోజు చిటికెన వేలికీ దాని పక్క వేలికీ గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. సలికి."

ఇద్దరం అంతటితో ఊరుకున్నాం. ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందేమో అని నాకు భయం. ఆయనకూ అదే భయం అయి ఉండాలి. ఎక్కడో ఒక ఊళ్ళో బడి అయ్యవారి మెడ మీద మచ్చ ఉందని తెలిసిన సాయంత్రమే ఆయన సామాన్లు వీధిలో పెట్టించారని విన్నాను. మా ఆయన బడి పిల్లల చేతులు పట్టుకుని గీతలు దిద్దిస్తాడు. వీధి వీధంతా ఆయన చేత్తో రుద్దిన కాగితాలే. రేపు ఈ సంగతి పొక్కితే ఆ పూలన్నీ చింపి పొయ్యిలో పెడతారు, మా గడప తొక్కేవాళ్ళు ఉండరు, మా రెండేళ్ళ పాపను ఎవరూ ఎత్తుకోరు. నీళ్ళు తోడుతున్నా, పిండి కలుపుతున్నా ఇదే ఆలోచన.

నేను ఏం చేశానో కూడా చెబుతాను, దాచడమెందుకు. ఆయన పళ్ళెం వేరుగా తోమడం మొదలుపెట్టాను. పాప ఆయన ఒళ్ళోకి పోతే ఏదో వంక పెట్టి లాక్కునేదాన్ని. మూడోసారి అలా లాక్కున్నాక ఆయన తనంతట తానే వసారా ఆ చివరకు పోయి కూర్చున్నాడు. పాప "నాయనా, నాయనా" అని పిలుస్తుంటే, "సిరా ఉంది తల్లీ చేతులకు, రావద్దు" అన్నాడు. ఆయన చేతులకు సిరా లేదు.

ఆ పూటే తీర్మానం చేసుకున్నాను. ఆ రోగమే అయితే పాపను తీసుకుని బండి ఆత్మకూరులో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని. మొగుడు ఏమైపోతాడు అని నన్ను నేను అడగలేదు. అడిగితే పోలేనని తెలుసు.

నంద్యాలలో డాక్టరుకు చూపించే ధైర్యం మాకు లేదు. కాంపౌండరు మా గుడిలోనే పాటలు పాడతాడు, పొద్దుగూకేలోపు సంఘమంతా తెలిసిపోతుంది. ఆళ్లగడ్డకు బుధవారం బుధవారం చర్మరోగాల డాక్టరు వస్తాడని విన్నాను.

"బావా, బుధవారం సెలవు పెట్టు. ఆళ్లగడ్డకు పోదాం" అన్నాను.

ఎందుకని అడగలేదు. "సరే" అన్నాడు.

పాపను మా అత్త దగ్గర వదిలి పొద్దున్నే బస్సెక్కాం. శిరివెళ్ళ దాటేదాకా ఆయన ఎడమచెయ్యి జేబులోంచి తీయలేదు. నేను కిటికీ వైపు జరిగి కూర్చున్నాను, మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది.

ఆస్పత్రి అంటే రెండు గదులు. డాక్టరు నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. నర్సు పేరు దేవమ్మ, ఆళ్లగడ్డ మనిషే. మా ఆయన్ను చొక్కా విప్పి కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. దేవమ్మ కోడి ఈక తీసుకుని ఒంటి మీద అక్కడక్కడా తాకిస్తుంది. తాకినచోట ఆయన వేలు పెట్టి చూపించాలి. మెడ చూపించాడు. వీపు, మోకాలు, కుడిచెయ్యి. ఎడమచేతి చిటికెన వేలు మీద ఈక ఆడిస్తుంటే ఊరికే కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని "ప్రభువా, ప్రభువా" అనుకుంటున్నాను.

డాక్టరు ఆయన మోచేతి ఎముక పక్కన నొక్కి చూశాడు. రెండో మోచేతినీ అలాగే చూశాడు. ఒళ్ళంతా వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"మీరేం పని చేస్తారు?"

మా ఆయన చెప్పాడు. డాక్టరు ఆయన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, చెక్కేటప్పుడు ఎలా కూర్చుంటారో చూపించమన్నాడు. మా ఆయన ఎడమ మోచెయ్యి బల్ల మీద గట్టిగా ఆనించాడు.

"ఎంతసేపు ఇలా?"

"సెలవు రోజైతే పొద్దున్నుంచి సందేళ దాకా సార్."

డాక్టరు నవ్వాడు. "బండ మీద మోచెయ్యి ఆనించి నరాన్ని నలిపేసుకున్నారు. మచ్చ ఒక్కటి లేదు, నరం లావెక్కలేదు. ఇది ఆ జబ్బు కాదు. రెండు మూడు నెలలు ఆ పని ఆపండి, స్పర్శ తిరిగి వస్తుంది. తర్వాత మోచెయ్యి కింద దిండు పెట్టుకోండి."

"దిండంట! దిండు పెట్టుకోమంటాండాడు, విన్నావా బావా!" అని పిచ్చిదానిలా నవ్వాను. మా ఆయన చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు, వేసుకోవడం కూడా మరిచిపోయి.

ఆ సంతోషంలోనే నోరు జారాను. డాక్టరు కాగితం రాసుకుంటూ, "ఇంత భయపడ్డారేమమ్మా, ఇంట్లో ఎవరికైనా ఉండేదా?" అన్నాడు.

"మా అమ్మమ్మకు సార్" అన్నాను.

మా ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఒట్టు ఎప్పుడు తప్పిందో నాకే తెలియలేదు.

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఆమెతో కలిసి ఉన్నావా?"

"చిన్నప్పుడు. ఆమె పక్కనే పడుకునేదాన్ని."

"అయితే నువ్వూ కూర్చో. వచ్చారు కదా, చూసి పంపుతాం."

డాక్టరు పక్క గదిలోకి వెళ్ళాడు. దేవమ్మ తెర అడ్డం లాగి, రవిక విప్పి వీపు ఇటు తిప్పమంది. మా ఆయన తెర లోపలే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇక నాకేం భయం? మెడ మీద తాకితే "ఆడ" అన్నాను. మోచెయ్యి, "ఈడ." నడుము దగ్గర చక్కిలిగింత పెట్టినట్టయి నవ్వాను కూడా. తర్వాత తాకడం ఆగిపోయింది. మళ్ళీ తాకుతుందేమోనని కాచుకున్నాను.

"ఏందక్కా, ఈక యాడన్నా పారేసుకున్నావా? తాకవేం?" అన్నాను.

కళ్ళు తెరిచాను. ఎదురుగా మా ఆయన మొహం కనిపించింది. ఆయన నన్ను చూడటం లేదు. నా భుజం వెనక దేవమ్మ చేతిని చూస్తున్నాడు. ఆ చెయ్యి కదులుతూనే ఉందని ఆయన మొహంలో కనిపించింది.

భుజం కింద రూపాయి బిళ్ళంత మచ్చ అట. చర్మం కన్నా కొంచెం తెల్లగా ఉందట. నా వీపు నేనెప్పుడు చూసుకున్నాను గనక? డాక్టరు వచ్చి చూసి చాలా చెప్పాడు. తొలి దశలోనే దొరికిందట. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకం కాదట. ఇప్పుడు బిళ్ళలు వచ్చాయట, కొన్నేళ్ళు మానకుండా మింగాలట, పాపను దూరం పెట్టనక్కర లేదట. నాకు మాత్రం ఊరి బయట గుడిసె, కట్టెతో నెట్టిన పళ్ళెం, ఇవే కనబడుతున్నాయి.

తిరుగు బస్సులో నేను మళ్ళీ కిటికీకి అంటుకుని కూర్చున్నాను. ఈసారి ఆయన్నుంచి కాదు, ఆయనకు నేను తగలకూడదని. ఆయన జరిగి వచ్చి నాకు ఆనుకుని కూర్చున్నాడు. సగం దారి వచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"నన్ను యాడ దింపుతావు బావా? మా అమ్మింటికాడేనా?"

"యాడ దింపేదేంది? ఇంటికి పోతాండాం."

ఆ మాటకు నాకు ఏడుపు కాదు, భయం వేసింది. ఈ మనిషికి నిజం తెలియదు, తెలిస్తే ఇలా మాట్లాడడు అనిపించింది. ఇవాళ కాకపోతే ఇక చెప్పలేననుకున్నాను.

"నీకే ఉంటే నేను ఇడిసిపెట్టి పోదామనుకున్న్యా. పాపనెత్తుకుని. నిన్న మధ్యాన్నం నావీ పాపవీ బట్టలు మూట గట్టి మంచం కింద పెట్టినా. నేను అట్లాంటిదాన్ని బావా."

పిన్నీసు గుచ్చినా, పళ్ళెం వేరు చేసినా నోరెత్తని మనిషి ఇప్పుడు ఏమంటాడో అని ఆయన వైపు తిరిగాను.

"తెలుసు. మూట సూసినా" అన్నాడు. "పాప దుప్పటి పెట్టడం మరిచిపోయినావు. సలికాలం గదా, అది కూడా మడిచి నేనే పెట్టినా."

బస్సు నిండా జనం ఉన్నారు. కండక్టరు టికెట్లు కొడుతూ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను వాళ్ళందరి ముందే గట్టిగా ఏడ్చేశాను.