బరెన్ బండల మీద రెండు కుక్కలు

ఆ ఏడాది ఈస్టర్ సెలవులు వచ్చేసరికి మాకు ఉండడానికి ఇల్లు లేదు. డబ్లిన్ శివారు లూకన్‌లో పాప పుట్టినప్పటి నుంచి అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మేశాడు. డబ్లిన్‌లో కంపెనీలు పోటీపడి మనుషులను తీసుకుంటున్న రోజులవి. మా ఆఫీసులో కొత్త టీమ్‌లు పుట్టుకొస్తూనే ఉండేవి, ప్రతి టీమ్‌లోనూ మనవాళ్లు కనిపించేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ ఉద్యోగాలు ఉన్నాయి, ఇళ్లే లేవు. ఒక ఇల్లు చూపిస్తారంటే గేటు బయట వీధి మలుపు దాకా వరసలో నిలబడేవాళ్లం. మా వంతు వచ్చాక మేమిద్దరం సాఫ్ట్‌వేర్ అని విని ఏజెంట్లు చక్కగా నవ్వేవారు. కుక్కల మాట చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయేది.

మాకు రెండు కుక్కలు. పెద్దది గ్రేహౌండ్. పందేల్లో పరుగెత్తించి, ఇక పనికిరాదని ఎవరో వదిలేస్తే, పాప పట్టుబట్టి కుక్కల షెల్టర్ నుంచి తెప్పించుకుంది. చిన్నది తెల్ల టెర్రియర్. మా వీధిలో ఉండే ఒక తెలుగు కుటుంబం కెనడా వెళ్తూ, "ఒక్క నెల ఉంచుకోండి అక్కా, సెటిల్ కాగానే పిలిపించుకుంటాం" అని మా ఇంట్లో వదిలింది. మొదట్లో ఫొటోలు పెట్టమని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు.

మా ఆయనకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు కరీంనగర్‌లో వీధికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న మనిషి. గ్రేహౌండ్ వచ్చిన కొత్తలో సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. అదేం చిత్రమో, ఇంట్లో నేనూ పాపా ఉండగా అది ఆయన కాళ్ల దగ్గరికే వెళ్లి పడుకునేది. ఆయన దాన్ని నిమిరింది నేను చూడలేదు, తరిమిందీ చూడలేదు.

చివరికి ఒక దారి కనిపించింది. లూకన్‌లోనే చాలా ఏళ్లుగా ఉంటున్న ఒక తెలుగు అంకుల్ తన రెండో ఇల్లు మాకు ఇస్తానన్నారు. పాప స్కూలుకు నడిచి వెళ్లేంత దగ్గర. షరతు ఒక్కటే, కుక్కలు ఉండకూడదు. సెలవులయ్యాక ఆలోచించి చెప్తామన్నానని మా ఆయన నాతో చెప్పాడు. ఆఫీసులో ఒకతను పాత క్యాంపర్‌వ్యాన్ అమ్ముతుంటే కొన్నాం. సామాను షానన్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు గ్యారేజీలో పడేసి, సెలవులు వ్యాన్‌లోనే గడుపుదామని ఐర్లాండ్ పడమటి తీరం వెంబడి బరెన్ వైపు బయలుదేరాం.

బరెన్ అంటే రాళ్ల దేశం. ఎటు చూసినా బూడిదరంగు సున్నపురాయి. కొండలు కూడా మెట్లుమెట్లుగా రాయే. వర్షాల దేశంలో ఇంత ఎండిపోయినట్టుండే నేల ఉంటుందని నేననుకోలేదు. పడిన నీరు పడినట్టే బండల నెర్రెల్లోంచి కిందికి దిగిపోతుంది. కొన్ని నెర్రెలు చెయ్యి పట్టేంత, కొన్ని మనిషి తొడ దాకా దిగిపోయేంత. ప్రతి గేటుకూ ఒక బోర్డు ఉంది: గొర్రెలు ఈనే కాలం, కుక్కలను తీసుకురావద్దు. మేం బోర్డులను గౌరవించి, రెండింటినీ తాళ్లతోనే దింపి, రోడ్డు మీదే నడిపించి మళ్లీ ఎక్కించేవాళ్లం. పాప రోజంతా వెనక సీట్లో వాటి మధ్య కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూసేది.

మూడోనాటి మధ్యాహ్నం సముద్రం పక్క రోడ్డు మీద వెళ్తుంటే ఫోన్ మోగింది. వ్యాన్ స్పీకర్‌కు కలిపి ఉండడంతో అంకుల్ గొంతు వ్యానంతా వినిపించింది.

"ఏవయ్యా, ఎక్కడున్నారు? ఇల్లు శుభ్రం చేయించేశాను. ఆ కుక్కల్ని మంగళవారం షెల్టర్ వాళ్లు తీసుకుంటారన్నావుగా, ఖాయమేగా? మా ఆవిడ మళ్లీ మళ్లీ అడుగుతోంది."

"అంకుల్, డ్రైవింగ్‌ల ఉన్న. మళ్ల చేస్త," అని ఆయన ఫోన్ కట్ చేశాడు.

కాస్త ముందు వ్యాన్ ఆపుకునే చోటు వస్తే ఆపాడు. ఇద్దరం దిగి సముద్రం వైపు నడిచాం. గాలి మాటలను లాక్కుపోతుంటే గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"ఎప్పుడు చెప్పినవ్ అంకుల్‌కి?"

"పోయిన వారం."

"నాతోని ఒక్క మాట అనాలె గద."

"అంటే ఒప్పుకుంటవా? నువ్వు ఒప్పుకోవు, పాప ఒప్పుకోదు. నేను చెడ్డోన్ని గావాలె, అయిన. వ్యాన్‌ల ఎన్ని రోజులుంటం? చలికాలం ఏం జేస్తం? చెప్పు."

పాపకు ఎట్లా చెప్పాలనుకున్నావని మాత్రం అడిగాను. షెల్టర్ వాళ్లు వచ్చే రోజు తనను స్నేహితురాలి ఇంటికి పంపాలని అనుకున్నాడట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

పాప మాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే, అచ్చం ఇక్కడి పిల్లల యాసలోనే మాట్లాడేది. తెలుగు ఏదో కాస్త తెలుసులే అనుకునేవాళ్లం. తనకు తెలియకూడని సంగతులన్నీ తన ఎదురుగానే తెలుగులో మాట్లాడుకునేవాళ్లం.

తిరిగి వచ్చేసరికి వ్యాన్ పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. పాప లేదు. కుక్కలు లేవు. మేకుకు వేలాడే తాళ్లు కూడా లేవు. హెడ్‌ఫోన్లు సీటు మీద ఉన్నాయి.

రోడ్డుకు అటూ ఇటూ ఎవరూ కనిపించలేదు. కొండ వైపు ఒక రాతి గోడలో చిన్న సందు ఉంది. దాంట్లోంచి దూరి బండల మీదికి వచ్చాం. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. తడిసిన రాయి నూనె పూసినట్టు జారుతోంది. మా ఆయన పాపను పేరు పెట్టి పిలుస్తూ ముందు పరుగెత్తాడు, రెండుసార్లు పడి లేచాడు. నేను ప్రతి నెర్రెలోకీ తొంగి చూస్తూ వెళ్లాను. వాటి లోపల ఫెర్న్ ఆకులు, చిన్న నీలంపూలు కనిపిస్తున్నాయి. వాటి మధ్య పాప ఎర్ర కోటు కనిపిస్తుందేమోనని ఒక్కో నెర్రె దగ్గరా ఒంగి ఆకులు తప్పించి చూశాను.

దూరంగా టెర్రియర్ మొరుగుడు వినిపించింది. ఆ మొరుగుడును పట్టుకుని ఇంకో గోడ ఎక్కాం.

అవతల గడ్డి ఉన్న చిన్న నేల ముక్క. మూలన గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి గుంపుగట్టి ఉన్నాయి. ఇవతల పాప బండ మీద మోకాళ్ల మీద కూర్చుని గ్రేహౌండ్ మెడను రెండు చేతులతో వాటేసుకుంది. దాని తాడు తెగిపోయి వేలాడుతోంది, టెర్రియర్ తాడు పాప మోకాలి కింద ఉంది. వాళ్లకు ఎదురుగా తుపాకీతో ఒక రైతు. వయసు పైబడిన మనిషి, ముఖమంతా ఎర్రగా ఉంది.

"ఈ పిల్ల మీదేనా?" అన్నాడు ఇంగ్లీషులో. "పక్కకు తీసుకుపొండి. ఆ కుక్క నా గొర్రెలను తరిమింది. కాల్చే హక్కు నాకుంది."

"నో," అంది పాప. ఏడవడం లేదు.

మా ఆయన వెళ్లాడు. పాపను లేవదీస్తాడనుకున్నాను. ఆయన వెళ్లి కుక్కకు ఇటు పక్కన, తుపాకీకి అడ్డంగా, ఆ తడి రాయి మీద కూర్చున్నాడు. చెయ్యి దాని వీపు మీద వేశాడు.

"ఈ కుక్క నాది," అన్నాడు. "తప్పు మాది. క్షమించండి."

రైతు తుపాకీ కిందికి దించి గోడ పక్కకు నడిచాడు. అప్పటిదాకా నేను చూడలేదు, అక్కడ ఒక గొర్రె నెర్రెలో ముందుకాలు ఇరుక్కుని పడి ఉంది. కాలు విరిగిపోయింది. అది అరవడం కూడా లేదు, వగరుస్తోంది.

"పిల్ల కళ్లు మూయండి," అన్నాడు నాతో.

పరుగెత్తి పాప ముఖాన్ని నా కోటులోకి లాక్కున్నాను. కళ్లు మూయగలిగాను, చెవులు మూయలేకపోయాను. తుపాకీ పేలినప్పుడు పాప, గ్రేహౌండ్, మా ఆయన ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

"కడుపుతో ఉంది అది," అన్నాడు రైతు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మా ఆయన ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం వద్దు. వెళ్లిపొండి. మీ బండి మళ్లీ ఇక్కడ కనిపిస్తే పోలీసులను పిలుస్తాను."

వ్యాన్‌కు వచ్చాక గ్రేహౌండ్ పాదాలు చూశాం. రాళ్లకు చీరుకుపోయి నాలుగూ రక్తం కారుతున్నాయి. మా ఆయన గోరువెచ్చని నీళ్లతో కడిగి, తన బనియన్ చింపి కట్లు కట్టాడు. పాప పక్కనే నిలబడి చూసింది. "మంగళవారం," అంది. తెలుగులోనే అంది. "మంగళవారం షెల్టర్‌కి ఇస్తవా డాడీ?"

ఆయన కట్టు కట్టడం ఆపాడు. పాప నోటి నుంచి అంత పూర్తి తెలుగు మాట మేం అంతకుముందు వినలేదు. యాస కూడా మాదే.

"ఇయ్య," అన్నాడు.

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఆ సాయంత్రమే అంకుల్‌కు ఫోన్ చేశాడు. అంకుల్ కోప్పడలేదు. "మాట ఇచ్చి తప్పావు బాబూ, మీ కోసం వేరేవాళ్లను వద్దన్నాం," అని పెట్టేశారు. తర్వాత గుడిలో, పండగ కార్యక్రమాల్లో ఎదురైనా అంకుల్, ఆంటీ మమ్మల్ని చూడనట్టు వెళ్లిపోయేవారు. వాళ్లను తప్పుపట్టలేను.

వేసవి సగం దాకా ఒక క్యారవాన్ పార్కులో వ్యాన్‌లోనే ఉన్నాం. ఆ తర్వాత ములింగార్ అనే ఊరు దాటాక ఒక పాత ఇల్లు దొరికింది. పెరడు పెద్దది, కుక్కలకు అభ్యంతరం లేదన్నారు. కానీ ఆఫీసు చాలా దూరమైంది. మా ఆయన తెల్లవారకముందే బయలుదేరి, చీకటిపడ్డాక వచ్చేవాడు. పాపకు స్కూలు మారింది, పాత స్నేహితులు ఫోన్‌లోనే మిగిలారు. అలసిపోయి వచ్చిన రోజుల్లో ఆయన, "లూకన్‌లనే ఉండి ఉంటే..." అని మొదలుపెట్టి, పాపను చూసి ఆగేవాడు. నేనూ పూర్తి చేయమని అడిగేదాన్ని కాదు. మా ఇద్దరి మధ్య ఏ మాటకైనా ముందు ఒక చిన్న ఆగుడు వచ్చి చేరింది. కొన్నేళ్లు ఉంది.

గ్రేహౌండ్ పాదాలు మానిపోయాయి. చప్పుడు భయం మాత్రం మానలేదు. హాలోవీన్ పండగకు ఊళ్లో టపాసులు పేలితే స్నానాల గదిలో మూలకు వెళ్లి వణికేది. మా ఆయన దాని పక్కనే నేల మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేసుకునేవాడు.

మరుసటి వసంతంలో మేం మళ్లీ అటు వెళ్లాం. ఆ రైతును చూసి, గొర్రె నష్టం ఇచ్చి, సరిగా క్షమాపణ చెప్పాలని ఆయన పట్టుదల. ఆ రోజు ఆ మనిషి పేరు కూడా అడగలేదు మేం. సముద్రం పక్క రోడ్డు మీద ముందుకూ వెనక్కూ తిరిగాం. ప్రతి గోడా ఆ గోడలాగే ఉంది, ప్రతి సందూ ఆ సందులాగే ఉంది. రెండు ఇళ్ల తలుపులు తట్టాం. ఒకరు తెలియదన్నారు, ఇంకో ఇంట్లో ఎవరూ పలకలేదు. చినుకులు మొదలయ్యాక ఇక చాలన్నాను.

అంతసేపూ పాప వ్యాన్ దిగలేదు, బండల వైపు చూడనూ లేదు.