నడుం నొప్పి చెప్పని డ్రైవరు

ఆ దండులో రవాణా విభాగానికి మొదటిసారి ఆడవాళ్ళను తీసుకున్నప్పుడు పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో పది చక్రాల లారీని కొండ మలుపుల్లో వెనక్కి నడపగలిగింది ఒక్కతే. అందుకే అందరూ ఆమెను స్టీరింగక్క అనేవారు.

రెండో ఏడు స్టెప్నీ టైరు దించుతుంటే నడుం పట్టేసింది. ఆస్పత్రికి వెళ్తే పేరు రాస్తారు, పేరు రాస్తే బండి మీంచి దించేస్తారు. ఆడవాళ్ళ వల్ల కాదని మేం ముందే అనుకున్నాం అనడానికి షెడ్డు నిండా మగాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆమె పంటి బిగువున నొప్పి భరించింది. ఆస్పత్రి కంపౌండరు జాలిపడి, ఎక్కడా రాయకుండా, ఒక అట్ట నొప్పి మాత్రలు చేతిలో పెట్టి పూటకొకటి వేసుకోమన్నాడు. ఏడాది తిరిగేసరికి పూటకు నాలుగైనా చాలడం లేదు. వేసుకోకపోతే ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు.

షెడ్డు సార్జంటుకూ చేతులు వణికేవి. పొద్దున్నే రెండు గుక్కల సారాయి పడితేగాని ఆయన తాళం తీయలేడు. పడిపోతే నలుగురు మోసుకెళ్ళి పడుకోబెట్టి, పాతకాలం మనిషి, గట్టి పిండం అని నవ్వుకునేవారు.

కొత్త కమాండరు వచ్చి అందరికీ మూత్రపరీక్ష పెట్టించాడు. అందులో అలాంటి మత్తు మాత్రలు బయటపడతాయి, గంజాయి బయటపడుతుంది. సారాయి సంగతి చూడమని ఎవరూ చెప్పలేదు. స్టీరింగక్క దొరికిపోయింది.

విచారణకు కూర్చున్న ముగ్గురిలో సార్జంటు ఒకడు. బల్లకు ఇవతల నిలబడినా ఆమెకు వాసన కొట్టింది. కంపౌండరు ఆమె వైపు చూడకుండా తనకేమీ తెలియదన్నాడు. నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదమ్మా అని సార్జంటే అడిగాడు.

"చెబితే అప్పుడే ఇంటికి పంపేవారు సార్. చెప్పనందుకు ఇప్పుడు పంపుతున్నారు. మధ్యలో రెండేళ్ళు మీ బండి నడిపాను, అంతే తేడా."

పంపేశారు. అన్నయ్య ఇంట్లో వెనక గదిలో చాప మీద నలభై రోజులు నరకం చూసి మాత్రలు మానేసింది. వదిన వేళకు జావ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది, పిల్లలను మాత్రం ఆ గదిలోకి రానిచ్చేది కాదు. మత్తు వదిలింది, నడుం నొప్పి వదల్లేదు.

ఆ ఏడాది చివర తనతో చేరిన జట్టులో ఒక పిల్ల ఫోన్ చేసింది. దండులో ఆడవాళ్ళకు మత్తు అలవాటు పెరిగిందని నోటీసు అంటించారట. ఐదేళ్ళ కిందట సున్నా, ఇప్పుడు నూటికి తొమ్మిది. ఐదేళ్ళ కిందట అక్కడ ఆడవాళ్ళే లేరు. పదకొండు మందిలో ఆ తొమ్మిదీ తను ఒక్కతే.

"మగాళ్ళలో తగ్గిందని కూడా రాశారక్కా," అంది ఫోన్లో పిల్ల.

స్టీరింగక్క, ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి వెళ్తున్నారా అని అడిగింది.

"ఎవరమూ వెళ్ళడం లేదక్కా."