మోరి గారి పెట్టెలో కెమెరా

రెండు చప్పట్లు వరసగా వినిపిస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. ఈ ఉదయం బంగారు గనుల ఊరు మా ఊరిగాంలో పక్కింటావిడ పావురాలను తోలుతూ కొట్టింది. నాకు మాత్రం మాలూరు ఫ్యాక్టరీలో మా జపాన్ మేనేజరు మోరి గారే గుర్తొచ్చారు.

అనుమానం నా పుట్టుకలోనే ఉంది. ఆయన వచ్చిన వారానికే మా మిషన్ల ఎదుట గోడకు చిన్న గుడిలాంటి చెక్క పెట్టె బిగించారు. తలుపులు మూసి ఉన్నాయి. ముందు గిన్నెల్లో బియ్యం, ఉప్పు, నీళ్ళు. రోజూ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ వంగి "కామి" అనేవారు. సామి అనడానికి నోరు తిరగలేదేమో అనుకున్నాను. మరి విగ్రహమేదీ? దిష్టి తీయడానికి కాకపోతే ఉప్పెందుకు?

"అదంతా నాటకమక్కా, లోపల కెమెరా ఉండాది. ఎవురు మాట్లాడతారో చూసేదానికే" అంది పక్క మిషను మునెమ్మ. ఆ నెలలోనే ఇద్దరిని తీసేశారు. ఇంకేం కావాలి నాకు! మా ఆయన మంచం పట్టాక ఇంటికి నా జీతమే దిక్కు.

భోజనాల వేళ స్టూలెక్కి తలుపు తెరిచాను. కాగితం చుట్టిన చెక్క ముక్క తప్ప లోపల ఏమీ లేదు. వెనక్కి తిరిగితే మోరి గారు! గ్రీజుతో నిండిన నా చేతులు చూసి, కొళాయి వైపు వేలు చూపి, "నీరు" అన్నారు. అయిపోయింది, ఉద్యోగానికి నీళ్ళు వదులుకోమంటున్నాడు అనుకుని ఏడ్చేశాను.

"తప్పయిపోయింది సార్, పనిలోంచి తీసేయొద్దండి."

ఆయన బిత్తరపోయారు. వచ్చీరాని కన్నడంలో, "ముందు చేతులు కడుక్కో. తర్వాత కామి" అన్నారు.

ఆ తర్వాత టీ వేళల్లో కొంచెం కొంచెంగా చెప్పారు. షింటో అనే వాళ్ళ మతాన్ని ఫలానావారు స్థాపించారని లేదట. కొండలో, చెట్టులో, రాయిలో, నీళ్ళలో కామి, అంటే దైవం, ఉంటుందట. పెట్టెలోని చెక్క ముక్క ఆ కామికి గుర్తట. ఒక దేవుడు చనిపోయిన భార్య కోసం భూమి కిందికి వెళ్ళి, భయపడి పైకి పారిపోయి వచ్చి స్నానం చేశాడట. ఎడమ కన్ను కడుక్కుంటే సూర్యదేవత పుట్టిందట. ఎంత నిజమో! కానీ గనిలోంచి వచ్చి, "తాకొద్దు తల్లీ, నీళ్ళు పోసుకోనీ" అనే మా నాయన గుర్తొచ్చాడు.

మరుసటి వారం ఆ గిన్నెలో నీళ్ళు మార్చే పని నాకే అప్పగించారు. నన్ను మళ్ళీ పట్టుకోవడానికే అనుకున్నాను. ఏడాదంతా అలాగే అనుకున్నాను. జపాన్ వెళ్ళిపోయే రోజు కొత్త మేనేజరుకు నన్ను చూపించి, "ఈమె చేతులు శుభ్రం" అన్నారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇప్పటికీ నీళ్ళు నేనే మారుస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళు పెట్టె వైపు చూసి, "లోపల కెమెరా ఉండాదా అక్కా?" అని గుసగుసగా అడుగుతారు.

"చూద్దువు గానీ, ముందు చేతులు కడుక్కోని రాపో" అంటాను.