జవాబు చెప్పని మీటరు

నాకు ఓపిక తక్కువ. మా అమ్మ నుంచి మా సూపర్‌వైజరు దాకా అందరూ ఒప్పుకున్న సంగతే ఇది. కూర్చుంటే కాలు ఊపుతూనే ఉంటాను. కుక్కరు మూడో కూత వేసేదాకా ఆగలేక రెండింటికే దించేసి, పలుకు అన్నం తింటాను. అలాంటిదాన్ని తీసుకెళ్లి, పది సార్లు అడిగితే గాని నోరు విప్పని కరెంటు మీటర్ల పనిలో పెట్టారు.

స్మార్టు మీటరు మామూలుగా తనలో ఉన్న సిమ్ము ద్వారా ఆఫీసుతో మాట్లాడుకుంటుంది. సిగ్నలు లేని చోట మాత్రం మాలాంటివాళ్లు వెళ్లాలి. మీటరు మొహం మీద రూపాయి బిళ్లంత గుండ్రటి చోటు ఉంటుంది, దాని వెనక రెండు చిన్న కళ్లు. మా దగ్గరున్న అయస్కాంతం బిళ్లని అక్కడ అంటించి, దాని కేబులు లాప్‌టాప్‌కి పెడితే, మన కంటికి కనపడని వెలుతురుతో రెండూ మాట్లాడుకుంటాయి. ఒక అక్షరం వెనక ఒక అక్షరం వరసగా పోతాయి గనక దాన్ని సీరియల్ అంటాం. రెండింటి వేగం కలవకపోతే స్క్రీను మీద పిచ్చి గీతలు వస్తాయి. వాటితో నాకు పేచీ లేదు, ఏదో ఒకటి వచ్చిందిగదా, సరిచేసుకోవచ్చు. ఏమీ రాకపోతేనే నాకు పిచ్చెక్కుతుంది.

ఆ రోజు పొద్దున్న అనకాపల్లి ఆఫీసులో ఇంకా టీ తాగకముందే ఫోను వచ్చింది. దేవరాపల్లి వైపు ఒక ఊళ్లో బెల్లం గానుగ దగ్గర కరెంటు ఆగిపోయింది. గానుగ మోటారూ నీళ్ల మోటారూ ఒకేసారి వేశారు, లోడు ఎక్కువై మీటరు లోపలి స్విచ్చి పడిపోయింది. అది మూడుసార్లు దానంతటదే వేసుకుని చూసుకుంటుంది, అప్పటికీ లోడు తగ్గకపోతే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత పైనుంచి ఆజ్ఞ ఇస్తే గాని కదలదు. అక్కడ సిగ్నలు లేదు కాబట్టి ఆ ఆజ్ఞ మోసుకెళ్లాల్సింది నేను. పది నిమిషాల పని అనుకుని స్కూటీ తీశాను.

గానుగ సాల ముందు నిన్న కొట్టిన చెరకు గుట్టగా పడి ఉంది. కూలీలు నీడన కూర్చున్నారు. కరెంటు పోయేలోపు తీసిన రసం ఒక డ్రమ్ములో ఉంది, మీద గుడ్డ కప్పారు. నలభై ఏళ్లు దాటిన ఒకాయన ఎదురొచ్చి నా వెనక్కి చూసి, సారు రాలేదా అని అడిగాడు. సారు రారు, నేనే వచ్చాను అన్నాను. ఆయన మొహం చూసి నాకు అప్పుడే సగం ఒళ్లు మండింది.

గానుగ ఆయనది కాదు, ఆయన వదినగారిది. నేను లాప్‌టాప్ తెరుస్తుంటే ఆయన భార్య పక్కకొచ్చి గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. బావగారు పోయి రెండేళ్లయిందట. నిరుడు గానుగ ఆడలేదట. ఈ ఏడు అక్క తనే ఆడిస్తానని పట్టుబట్టిందట, ఆడదానివల్ల కాదని ఈమె భర్త అన్నాడట. పెద్దలు కూర్చుని, రసం కాచి బెల్లం దించే మొదటి పెనం ఆవిడ చేతి మీద సవ్యంగా దిగితే గానుగ ఆవిడదే, దిగకపోతే మరిదికి వదిలేయాలని తేల్చారట. ఆ మొదటి పెనం ఈ రోజే. డ్రమ్ములో రసం రెండు మూడు గంటలకి మించి ఆగదు, పులిస్తే బెల్లం దిమ్మ కట్టదు.

అంతలో ఆవిడే నీళ్ల గ్లాసుతో వచ్చింది. యాభై దాటి ఉంటాయి, ఎండకి కమిలిన మొహం, ఖాళీ నుదురు. గ్లాసు అందుకుంటుంటే ఆవిడ ఉంగరం వేలు కొస బయటికి వంగి ఉండటం చూశాను. కొత్త కోడలిగా వచ్చిన ఏడు గానుగ రోలర్ల మధ్య పడిందట. నన్ను తొందరపెట్టలేదు, ఒక్క మాటా అనలేదు. అరిచేవాళ్లకి జవాబు చెప్పగలను గాని, అలా నిలబడి చూసేవాళ్ల ముందు నా చేతులు ఇంకా తడబడతాయి.

మీటరు పెట్టె తీసి బిళ్ల అంటించాను. అడిగాను, జవాబు లేదు. బిళ్ల తీసి తిప్పి పెట్టాను, కేబులు కిందికే ఉండాలి మరి. చేతికి ఏదో ఎర్రగా అంటుకుంటే చున్నీకి రాసేసుకున్నాను. మళ్లీ అడిగాను, లేదు. పోర్టు నంబరు మార్చాను. వేగం తగ్గించి చూశాను, పెంచి చూశాను. కేబులు మార్చాను. ఎండ నేరుగా మీటరు మీద పడుతోంది, ఆ వెలుతురు కూడా అడ్డొస్తుంది గనక గోనెసంచి అడ్డం కట్టించాను. ఫోను కెమెరాలోంచి బిళ్ల లోపలికి చూశాను, మామూలు కంటికి కనపడని దీపం కెమెరాలో ఊదారంగులో మినుకుమంది. అంటే నా బిళ్ల అడుగుతూనే ఉంది, మీటరే పలకడం లేదు. గట్టు మీద కొంచెం ఎత్తుకి వెళ్తే సిగ్నలు ఒక గీత వస్తుంది, అక్కడికి పరిగెత్తి సూపర్‌వైజరుకి చెప్తే, వేగం చూసుకున్నావా అని అడిగాడు. చూసుకున్నాను సార్ అని నాలుగోసారి చెప్పేటప్పటికి నా గొంతు ఆ గట్టు దాటి వినపడి ఉంటుంది.

పక్క పొలంలో బోరు మోటారుకి ఇలాంటి మీటరే ఉంది. బిళ్ల చున్నీతో తుడిచి, పరిగెత్తుకుంటూ వెళ్లి దానికి పెట్టాను. మొదటి పిలుపుకే పలికింది. దాంతో నాకు తేలిపోయింది. తిరిగొచ్చి, మీ మీటరు పోయింది, కొత్తది రేపొస్తుంది అని చెప్పేశాను. అది చాలదన్నట్టు, రెండు మోటార్లూ ఒక్కసారి వేసుకున్నది మీరే కదా అని కూడా అన్నాను. నా కోపం మీటరు మీద, పడింది మాత్రం ఆవిడ మీద. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మరిది అప్పటికే మీటరుతో పని లేకుండా డైరెక్టు వైరు లాగేద్దామా అని ఒకసారి అడిగి, నేను కుదరదంటే ఊరుకున్నాడు. ఇప్పుడు కూలీల వైపు తిరిగి లేవండ్రా అన్నాడు. రసం పారబోసేయమన్నాడు. ఆయన గొంతులో సంతోషం లేదు, నిజం చెప్పాలి. అనుకున్నదే అయిందన్న నమ్మకం మాత్రం ఉంది.

ఆవిడ మీటరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"దీని మొకం మీద దీపం ఎలుగుతోంది కదా పాపా. బతికున్నదాన్ని పట్టుకుని పోయిందంటావేటి?"

మీటరు పోయిందని రాయాలంటే ఫొటో పంపాలి, అది రూలు. ఫొటో తీసి, నంబరు స్పష్టంగా వచ్చిందో లేదో అని వేళ్లతో పెద్దది చేసి చూశాను. అప్పుడు కనపడింది. ఆ గుండ్రటి చోటు నిండా పసుపు పూసి, దాని మీద నూనెతో కలిపిన కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మందంగా, రెండు కళ్లనీ కప్పేసి.

గంటన్నర నుంచి నా ముక్కు ముందే ఉంది. కనపడక కాదు. మోటారుకి బొట్టు ఉంది, రోలర్లకి ఉంది, పెనం అంచుకి ఉంది, డ్రమ్ముకీ ఉంది. మొదటి రోజు గానుగ దగ్గర దేనికైనా బొట్టు లేకపోతే చూసి ఉండేదాన్ని. మా ఇంట్లో మిక్సీకి కూడా దసరాకి పెడతాం. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది గనకే నా కళ్లు దాన్ని దాటి వెళ్లిపోయాయి. పెట్టిన మనిషిని తప్పు పట్టడానికీ లేదు, ఆ గుండ్రం బొట్టు కోసమే చేసినట్టుంటుంది.

చేతిరుమాలు తీశాను. మరిది భార్య గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. పొద్దున్న పూజ చేసి ఆ బొట్టు పెట్టింది ఆమే. పెనం పొయ్యి మీదికి ఎక్కకముందే బొట్టు తుడిచేస్తే ఇంకేమైనా ఉందా అంది. మరిది కూడా, ఇలాంటి శకునం వచ్చేక ఇంక ఈ రోజు వద్దు వదినా, ఊరుకో అన్నాడు. నేను ఇంజనీరింగు చదివినదాన్ని, ఇలాంటివి పట్టించుకోనని అందరికీ చెప్పుకు తిరిగేదాన్ని. అయినా నా చెయ్యి ఆగింది. ఆగినందుకు నాకు సిగ్గేసింది, అయినా కదల్లేదు.

ఆవిడ చెంగు నీళ్లలో ముంచుకుని వచ్చింది.

"ఆయన పోయిన పదో రోజున నా బొట్టు నలుగురూ కలిసి తుడిసేరు. అప్పుడు నన్నెవులూ అడగలేదు. దీన్ని నేను తుడుత్తాను, తప్పుకోండి."

ఆవిడ ఆ గుండ్రాన్ని పాత్ర తోమినట్టు నెమ్మదిగా, అంచులదాకా తుడిచింది. రెండు చిన్న నల్లటి కళ్లు బయటపడ్డాయి. బిళ్ల అంటించాను. అడగ్గానే మీటరు తన నంబరు చెప్పింది. నీళ్ల మోటారు ఆపించి, స్విచ్చి వేయమని ఆజ్ఞ పంపాను. లోపల టక్కుమంది. గానుగ తిరిగింది.

డ్రమ్ము మీద గుడ్డ తీసి ఆవిడ రసం వేలితో ముంచి నాలిక మీద వేసుకుంది. పులుపు తగల్లేదు. పొయ్యిలో పిప్పి ఎగదోయమని కేకేసింది. ఆవిడ గట్టిగా మాట్లాడటం నేను వినడం ఆ పొద్దంతా అదే మొదటిసారి.

నేను సామాను సర్దుకుంటుంటే మరిది భార్య కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. మీటరుని బోసిగా వదిలేయకూడదని ఆమె బెంగ. వేలు ముంచబోతుంటే ఆవిడ చెయ్యి చాపింది. ఆమె ఒక్క క్షణం భర్త వైపు చూసి, భరిణె అక్క చేతిలో పెట్టేసింది.

"ఎక్కడెట్టాలో సూపించు పాపా," అంది నాతో.

మీటరు కింద అంచున ఖాళీ చోటు చూపించాను. అక్కడైతే ఎవరి మాటకీ అడ్డం రాదని చెప్పాను. ఆవిడ ఉంగరం వేలు కుంకుమలో ముంచి పెట్టింది. వంకర వేలు గదా, బొట్టు గుండ్రంగా రాలేదు, పక్కకి వాలింది. మరిది లుంగీ ఎగ్గట్టి చెరకు మోపు ఎత్తి రోలర్ల దగ్గరికి నడిచాడు.

సీజను చివర్లో తనిఖీకి అదే దారిన వెళ్తే, ఎవరూ అడక్కుండానే స్కూటీ అటు తిప్పాను. ఆవిడ పెనం దగ్గర పాకం చూస్తూ ఉంది, నన్ను చూసి ఒక్క నిమిషం ఆగమని చెయ్యి ఊపింది. ఆగడం నాకు రాదు, మీటరు పెట్టె తీసి చూశాను. గుండ్రటి చోటు శుభ్రంగా ఉంది, కింద అంచున ఆ రోజే పెట్టిన కుంకుమ. మోటారుకీ, రోలర్లకీ, పెనం అంచుకీ కూడా కొత్త బొట్లు పెట్టి ఉన్నాయి. అన్నీ పక్కకి వాలినవే.